తగరం గడ్డకట్టే చోటు, ఉక్కు మళ్లీ ఎర్రబడే చోటు: ఒక ప్రాజెక్టు డైరీ

తగరం 231.9 డిగ్రీల దగ్గర కరుగుతుందని ఏ పట్టిక చూసినా ఉంటుంది. కరిగిన తగరాన్ని చల్లార్చి చూస్తే మాత్రం సరిగ్గా అక్కడే గడ్డకట్టడం అరుదు. 225కి దిగినా ద్రవమే, కొన్నిసార్లు 217కి దిగినా ద్రవమే. ఉక్కుదీ అదే వరస: వేడెక్కేటప్పుడు ఒక చోట మారుతుంది, చల్లబడేటప్పుడు ఇంకో చోట. మార్పు ఎక్కడి నుంచి సాధ్యమో పట్టిక చెబుతుంది. నిజంగా ఎక్కడ మొదలవుతుందో బీజం (కొత్త అమరికలోకి ముందుగా చేరిన చిన్న పరమాణువుల గుంపు) తేలుస్తుంది, ఆ బీజం పడాలంటే కొంత చల్లదనం అదనంగా కావాలి. ఆ అదనాన్ని బజార్లో దొరికే సామానుతో ఎంతవరకు కొలవగలం అన్నదే ఈ ప్రాజెక్టు. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లో.

దశ 1: కొలత సరిచూడటం

సామాను: 3 మి.మీ. స్టీలు తొడుగున్న కే టైపు థర్మోకపుల్ (రెండు లోహాల తీగల జంటతో వేడి కొలిచే పుల్ల), దాని వోల్టేజీని అంకెగా మార్చే మ్యాక్స్6675 మాడ్యూలు, ఆ అంకెలు చదివే ఆర్డ్యునో నానో బోర్డు, వెయ్యి వాట్ల కాయిల్ స్టవ్, చిన్న గ్రాఫైట్ మూసలు రెండు. బోర్డు, మాడ్యూలు కోఠిలో గుజరాతీ గల్లీలో తీసుకున్నవి. మాడ్యూలు సెకనుకు నాలుగైదు రీడింగులే ఇస్తుంది, ఒక్కో మెట్టు పావు డిగ్రీ. తగరానికి అది చాలు. తీగ దగ్గరికి వచ్చేసరికి చాలదు, ఆ గొడవ దశ 4లో.

1. దంచిన ఐసులో కాసిని నీళ్లు కలిపి థర్మోకపుల్ ముంచాలి. 0 రావాలి, 1.25 వచ్చింది.
2. మరిగే నీళ్లలో పెట్టాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు దాదాపు 98.2 దగ్గరే మరుగుతాయి. 100 అనుకుని సరిచేస్తే ఆ తేడా చివరిదాకా వెంట వస్తుంది.
3. మూడో గుర్తు స్వచ్ఛమైన తగరమే. దాని గడ్డకట్టే బిందువు 231.928. ఐటీఎస్-90 అనే అంతర్జాతీయ ఉష్ణోగ్రత స్కేలులో అది స్థిర బిందువు.

మూడో అంకె కోసం తగరం కావాలి, అక్కడే మొదటి దెబ్బ.

ఖర్చు: థర్మోకపుల్, బోర్డు, మాడ్యూలు 1,150, మూసలు 450, స్టవ్ 600, కళాయి తగరం 100 గ్రాములు 350. ఇప్పటికి 2,550 రూపాయలు.

దశ 2: కళాయి తగరం చెప్పిన నిజం

ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాళ్లు వాడే కడ్డీ తీసుకుని, 300 దాకా కాచి, స్టవ్ ఆపి, రీడింగులు లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. స్వచ్ఛమైన లోహమైతే గ్రాఫు ఒక చోట బల్లపరుపుగా ఆగాలి. ఇక్కడ 219 దగ్గర వాలు తగ్గింది కానీ ఆగలేదు. మెల్లగా దిగుతూ దిగుతూ 183 దగ్గరికి వచ్చి, అక్కడ నిఖార్సుగా ఆగింది.

183 అంటే తగరం, సీసం కలిసిన యుటెక్టిక్, అంటే ఆ రెండిటి మిశ్రమాల్లో అన్నిటికన్నా తక్కువ వేడికి కరిగేది. పాత సోల్డర్ తీగ కరిగేది అక్కడే. అంటే ఇది తగరం కడ్డీ కాదు, మిశ్రమలోహం. ఎంత సీసమో గ్రాఫులోంచే తీయొచ్చు:

1. స్వచ్ఛ తగరం 232 దగ్గర, 38.1 శాతం సీసం ఉన్న యుటెక్టిక్ 183 దగ్గర గడ్డకడతాయి. మధ్యలో గీత దాదాపు తిన్నగా ఉందనుకుంటే ఒక శాతం సీసానికి 1.3 డిగ్రీలు తగ్గుతుంది.
2. 232 నుంచి 219కి 13 డిగ్రీలు. అంటే పది శాతం సీసం.
3. ఘన తగరం 183 దగ్గర రెండున్నర శాతం దాకా సీసాన్ని తనలో ఇముడ్చుకుంటుంది. మిగిలింది యుటెక్టిక్‌గా గడ్డకట్టాలి: 7.5ని 35.6తో భాగిస్తే 21 శాతం. గ్రాఫులో 183 దగ్గర ఆగిన సమయం మొత్తంలో సుమారు అయిదో వంతు ఉంది. లెక్క కలిసింది.

ప్రాజెక్టుకు ఇది పనికిరాని కడ్డీ. వంటగిన్నెలకైతే అసలే పనికిరాదు, పులుసు కాచే గిన్నెలో సీసం ఉండకూడదు. కళాయి వేయించుకునే ఇంట్లో ఒక థర్మోకపుల్ ఉంటే ఈ పరీక్ష అరగంట పని.

మార్పు: 99.9 శాతం తగరం 200 గ్రాములు, 1,000 రూపాయలు. ఇప్పటికి 3,550.

దశ 3: ద్రవంగానే ఉండిపోయే తగరం

పద్ధతి ప్రతిసారీ ఒకటే. 100 గ్రాములు, గ్రాఫైట్ మూస, పైన చిటికెడు బొగ్గుపొడి (గాలి తగలకుండా), థర్మోకపుల్ మధ్యలో. మూస పక్కన తడి ఉండకూడదు. కరిగిన లోహంలో ఒక్క నీటి చుక్క పడితే చిమ్ముతుంది, కళ్లజోడు తప్పనిసరి.

250 దాకా మాత్రమే కాచి చల్లార్చినప్పుడు తగరం 229 దాకా దిగి, ఒక్కసారిగా పైకి ఎగిరి, 232 దగ్గర నిలబడింది. 350 దాకా కాచి పది నిమిషాలు పట్టి ఉంచి చల్లార్చినప్పుడు 217 దాకా దిగింది. అదే లోహం, అదే మూస, అదే స్టవ్. ఎంత పైకి తీసుకెళ్లామన్నది ఎంత కిందికి దిగుతుందో మార్చేసింది.

ఐసులో వచ్చిన 1.25 తీసేశాక కూడా నిలబడిన చోటు రీడింగు నిజం కన్నా 1.6 ఎక్కువ చూపింది. దశ 2 నుంచి ఇచ్చిన అంకెలన్నీ ఇది కూడా తీసేసినవే.

ఎందుకు ఆగుతుంది? ద్రవంలో పరమాణువులు అక్కడక్కడా గుంపుకట్టి స్ఫటికంలా పేర్చుకుంటాయి, మళ్లీ విడిపోతాయి. చిన్న గుంపులో చాలా పరమాణువులు ఉపరితలం మీదే ఉంటాయి, ఆ ఉపరితలానికి శక్తి ఖర్చు అవుతుంది. గడ్డకట్టడం వల్ల లోపల వచ్చే లాభం ఆ ఖర్చును మించాలంటే గుంపు ఒక పరిమాణం దాటాలి. దాటనివి కరిగిపోతాయి, దాటినవే పెరుగుతాయి. ఆ హద్దు వ్యాసార్థానికి సూత్రం చిన్నది: ఉపరితల శక్తికి రెట్టింపును కరిగే ఉష్ణోగ్రతతో (కెల్విన్లలో) గుణించి, ఘనపు మీటరు గుప్తోష్ణంతోనూ ఎన్ని డిగ్రీలు కిందికి దిగామో దానితోనూ భాగించాలి.

తగరానికి ద్రవ, ఘన హద్దు మీద ఉపరితల శక్తి చదరపు మీటరుకు సుమారు 0.054 జౌళ్లు, గుప్తోష్ణం గ్రాముకు 59 జౌళ్లు. ఇవి పెట్టి చూస్తే:

1. 10 డిగ్రీలు కిందికి దిగితే హద్దు వ్యాసార్థం 13 నానోమీటర్లు. అందులో మూడు లక్షలకు పైగా పరమాణువులు. అన్ని పరమాణువులు యాదృచ్ఛికంగా ఒక్కసారి సరిగ్గా పేర్చుకోవడం జరిగే పని కాదు.
2. 100 డిగ్రీలు దిగితే 1.3 నానోమీటర్లు. మూడు నాలుగు వందల పరమాణువులు. ఇది జరుగుతుంది.

అందువల్ల నా మూసలో 229 దగ్గరో 217 దగ్గరో పడిన బీజం సొంతంగా ద్రవం మధ్యలో పుట్టింది కాదు. మూస గోడో, ఆక్సైడు పెచ్చో, ఏదో ఒక మురికి దానికి ఆసరా ఇచ్చింది. గోడ మీద కూర్చున్న బీజం పూర్తి గోళం కానక్కర్లేదు, గోళంలో ఒక చిప్ప ముక్క చాలు. వంపు అదే, పరమాణువులు మాత్రం తక్కువ. 250 దాకా కాచినప్పుడు ఆసరాలు చాలా మిగిలాయి, 350కి కొన్ని చెడిపోయాయి. స్థిర బిందువు కోసం వాడే అతి స్వచ్ఛమైన తగరం 20 డిగ్రీలకు పైగా దిగినా గడ్డకట్టదు. అక్కడ కొలిచేవాళ్లు సెల్‌ను ఫర్నేసులోంచి బయటికి తీసి గాలి తగలనిచ్చి గడ్డకట్టడం మొదలుపెట్టిస్తారు.

తర్వాత గుచ్చి చూశాను. 224 దగ్గర ద్రవంగా ఉన్న తగరంలో:

1. వేడి చేసిన గాజు కడ్డీ మెల్లగా ముంచితే ఏమీ కాలేదు.
2. వేడి చేసిన స్టీలు పుల్లతో ముంచినా ఏమీ కాలేదు, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి పుల్ల మూస అడుగున గీసుకుంది.
3. తగరం తీగ కొన తాకించగానే రీడింగు ఎగిరింది.

మూడోదానిలో బీజం పుట్టాల్సిన పనే లేదు. స్ఫటికాన్ని మనమే తెచ్చి ఇచ్చాం.

ఎగిరిన వేడి ఎక్కడిదంటే గుప్తోష్ణానిదే. ద్రవ తగరం విశిష్టోష్ణం గ్రాముకు డిగ్రీకి 0.25 జౌళ్లు. 15 డిగ్రీలు కిందికి దిగిన తగరం మళ్లీ 232కి రావడానికి 3.75 జౌళ్లు చాలు, అంటే ఆరు శాతం లోహం గడ్డకడితే సరిపోతుంది. ఆ ఆరు శాతం ఒకట్రెండు సెకన్లలో కొమ్మలు కొమ్మలుగా అంతటా పాకుతుంది. మిగిలిన 94 శాతం 232 దగ్గర తీరిగ్గా గడ్డకడుతుంది. గ్రాఫులో ఎక్కువసేపు కనిపించే బల్లపరుపు భాగం దీనిదే. అసలు కథ మాత్రం దానికి ముందున్న చిన్న గుంటలో ఉంది. సెకనుకు ఒక్క రీడింగు తీసుకునే లాగరుతో చేస్తే ఆ గుంట సగం మాయమవుతుంది.

ఆ ముద్దలను రెండుగా కోసి, ఎమెరీ పేపరుతో రుద్ది, పలచటి యాసిడ్‌లో ముంచి చూశాను. కదిలించకుండా 217 దాకా దింపిన ముద్దలో వేలి వెడల్పు గ్రెయిన్లు (ఒక్కో బీజం నుంచి పెరిగిన స్ఫటికాలు). గడ్డకడుతుండగా పుల్లతో కలియబెట్టిన ముద్దలో గింజంత చిన్నవి. జింక్ పూసిన రేకుల మీద కనిపించే పువ్వులూ ఇవే, ఒక్కో పువ్వు ఒక్కో బీజం నుంచి పెరిగిన గ్రెయిన్. అల్యూమినియం ఫౌండ్రీల్లో టైటానియం, బోరాన్ ఉన్న కడ్డీని కరిగిన లోహంలో వేసేది కూడా ఇందుకే. అందులోని టైటానియం డైబోరైడ్ రేణువుల మీద బీజాలు పడి గ్రెయిన్ సన్నబడుతుంది.

*చుక్కలు.* మురికి ప్రభావం తప్పించడానికి 1950 ప్రాంతంలో అమెరికన్ శాస్త్రవేత్త డేవిడ్ టర్న్‌బుల్ చేసిన పని లోహాన్ని సన్నటి చుక్కలుగా విడగొట్టడం. మురికి రేణువులు కొన్ని చుక్కల్లోనే ఉంటాయి, మిగతావి శుభ్రంగా ఉండి బాగా కిందికి దిగుతాయి. తగరం చుక్కలను ఆయన వంద డిగ్రీలకు పైగా దింపగలిగాడు.

వేరుశనగ నూనెలో చుక్కలు చేద్దామన్న ప్రయత్నం పొగతో ఆగిపోయింది. తగరం కరిగేలోపే నూనె మాడుతుంది, ఇంట్లో అది వద్దు. మార్పు: గాజు స్లైడు మీద రోజిన్ (సోల్డరింగ్‌లో వాడే చెట్టు బంక) పూసి, తగరం ఆకురాయి పొడి చల్లి, కాయిల్ స్టవ్ మీద ఇనుప పలక, దాని మీద స్లైడు, పక్కనే థర్మోకపుల్. కరిగిన చుక్క అద్దంలా మెరుస్తుంది, గడ్డకట్టగానే మసకబారుతుంది. ఫోన్‌లో మాక్రో లెన్సుతో వీడియో తీసి తర్వాత చూసుకోవడమే.

ఒక మి.మీ. చుక్కలు చాలావరకు 200 దాటకముందే మసకబారాయి. పావు మి.మీ. చుక్కల్లో సగం 185 దగ్గర ఇంకా మెరుస్తున్నాయి, చివరివి 170 దాకా వచ్చాయి. గాజు, రోజిన్ రెండూ ఆసరాలే కాబట్టి టర్న్‌బుల్ అంకె దాకా పోలేదు. కానీ పరిమాణంతో తేడా కంటికి కనిపించింది.

ఖర్చు: స్లైడులు, రోజిన్ 200. ఇప్పటికి 3,750.

దశ 4: తీగ మళ్లీ ఎర్రబడటం

గడ్డకట్టిన లోహంలోనూ మార్పులు జరుగుతాయి. 0.77 శాతం కార్బన్ ఉన్న ఉక్కు 727 పైన ఆస్టెనైట్ అనే అమరికలో ఉంటుంది. కింద ఫెర్రైట్ (దాదాపు కార్బన్ లేని ఇనుము), సిమెంటైట్ (ఇనుము, కార్బన్ సమ్మేళనం) పొరలు పొరలుగా పేర్చుకున్న పెర్లైట్‌గా మారుతుంది. మారేటప్పుడు గ్రాముకు సుమారు 80 జౌళ్లు వదులుతుంది. చల్లబడుతున్న ఇనుప తీగ ఉన్నట్టుండి కాస్త పొడవు పెరగడాన్ని జార్జ్ గోర్ 1869లో గమనించాడు. అదే క్షణంలో తీగ మళ్లీ ఎర్రబడుతుందని 1873లో బారెట్ చూశాడు. ఆ ఎర్రబడటాన్నే రీకాలెసెన్స్ అంటారు.

మొదటి అమరిక: 0.5 మి.మీ. స్ప్రింగ్ వైరు (ఎక్కువ కార్బన్ ఉన్న ఉక్కు తీగ) మీటరు, అందులో కరెంటు పంపి కాల్చడానికి 36 వోల్టుల 10 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై). స్విచ్ వేయగానే ఎస్‌ఎంపీఎస్ టిక్కు టిక్కుమని ఆగిపోతూ వచ్చింది. లెక్క: చల్లటి తీగ నిరోధం 1 ఓమ్, అంటే మొదటి క్షణం 36 ఆంపియర్లు. వేడెక్కాక అదే తీగ ఐదున్నర ఓమ్‌లు, అప్పుడు 6 ఆంపియర్లు చాలు. వేడెక్కేదాకా ఎస్‌ఎంపీఎస్ ఓర్చుకోదు.

మార్పు: వోల్టేజీని తిప్పి పెంచుకునే డిమ్మర్‌స్టాట్, దాని తర్వాత విడిగా చుట్టించిన 230 నుంచి 24 వోల్టుల 20 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మరు. డిమ్మర్‌స్టాట్ ఒక్కదానితో తీగ కాల్చొద్దు. అందులో ఉన్నది ఒకే చుట్ట, లైను నుంచి వేరు చేయదు. తీగ ముట్టుకుంటే 230 వోల్టులు ముట్టుకున్నట్టే.

0.5 మి.మీ. తీగను దీనితో 850 దాకా కాచి, చీకట్లో కరెంటు తీసేస్తే కనిపించింది ఏమీ లేదు. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టినా అనుమానంగా ఒక మెరుపు. తీగ మారలేదని కాదు, మారిన చోటు బాగా కిందికి పోయింది. అంత సన్నటి తీగ గాలిలో సెకనుకు వంద డిగ్రీలకు పైగా పడిపోతుంది. పెర్లైట్ బీజాలు పడి పెరిగేలోపే 600 దగ్గరికి వచ్చేస్తుంది, అక్కడ ఎరుపు కంటికి సరిగా ఆనదు.

మార్పు: తీగ మందం 1 మి.మీ., పొడవు 60 సెం.మీ. ఎర్రగా కాలడానికి 13 వోల్టులు, 15 ఆంపియర్లు పట్టింది. ఇలా చేయాలి:

1. పింగాణీ కనెక్టర్ల మధ్య తీగను బిగువుగా కట్టి, వెనక మి.మీ. గీతల కాగితం అంటించిన పలక పెట్టాలి.
2. డిమ్మర్‌స్టాట్‌ను అర నిమిషం మీద పెంచాలి. తీగ నారింజ రంగుకు రావాలి, పసుపు దాకా వద్దు.
3. గదిలో లైట్లు ఆపి, కరెంటును 15 నుంచి 10 ఆంపియర్లకు తగ్గించాలి. పూర్తిగా ఆపొద్దు.
4. తీగ సాగి మధ్యలో కిందికి జారే వంపు లోతును వీడియోలోంచి చదవాలి.

పూర్తిగా ఆపినప్పుడు మెరుపు రెండు మూడు సెకన్లలో ముగిసింది. 10 ఆంపియర్లు ఉంచినప్పుడు ఎనిమిది సెకన్ల దాకా సాగింది. తీగ ముందు నల్లబడింది, తర్వాత రెండు కొనల దగ్గర ఎరుపు పుట్టి మధ్యకు నడిచి వచ్చింది. బిగింపుల దగ్గర తీగ కాస్త చల్లగా ఉంటుంది కాబట్టి బీజాలు ముందు అక్కడ పడతాయి.

వంపు: కాలినప్పుడు 38 మి.మీ., చల్లబడుతూ 30కి లేచి, అక్కడ ఆగి, మళ్లీ 35కి జారి, ఆ తర్వాత తిన్నబడింది. ఆస్టెనైట్‌లో పరమాణువులు దగ్గర దగ్గరగా ఉంటాయి, ఫెర్రైట్‌కు చోటు ఎక్కువ కావాలి. చల్లబడుతూనే పొడవు పెరగడానికి కారణం అదే.

పొడవును నేరుగా కొలుద్దామని కప్పీ మీదుగా కిలో బరువు వేలాడదీసి చూసిన అమరిక పనికిరాలేదు. ప్రతి కాపుకూ తీగ మి.మీ. పైగా శాశ్వతంగా సాగింది. కొంత సాగడం వేడికి సహజం. మిగతాది ఇంకా ఆసక్తికరం: ఒక అమరిక నుంచి ఇంకో అమరికకు మారుతున్న క్షణంలో ఉక్కు మామూలుగా లొంగని చిన్న బరువుకు కూడా లొంగుతుంది. స్ప్రింగు త్రాసుతో బరువు తగ్గించే కన్నా వంపు కొలవడమే మేలనిపించి కప్పీ తీసేశాను.

తీగకు థర్మోకపుల్ తగిలించి కొలవడం కూడా వదిలేయాల్సి వచ్చింది. ఈ తీగలో ప్రతి మి.మీ.కు 21 మిల్లీవోల్టుల తేడా ఉంటుంది, కే టైపు డిగ్రీకి ఇచ్చేది 0.041 మిల్లీవోల్టులు. థర్మోకపుల్ రెండు కాళ్లు తీగ మీద అర మి.మీ. దూరంలో తగిలినా రీడింగు గాలిలో కలిసిపోతుంది. కరెంటు ఆపి చదువుదామంటే సెకనుకు నాలుగు రీడింగులు, సెకనుకు 45 డిగ్రీల పతనం. గుంట కనబడదు.

ఇంకొకటి: అదే తీగను పదే పదే కాల్చితే మెరుపు తగ్గుతూ వస్తుంది. గాలిలో పైపొర కార్బన్ పోగొట్టుకుంటుంది, పెచ్చులు రాలతాయి. నాలుగైదు కాపులకు కొత్త తీగ కట్టడం మంచిది.

చివరగా ఎర్రటి తీగ ముక్కను పట్టుకారుతో తీసి నీళ్లలో ముంచాను. మెరుపు లేదు, వంచగానే పుటుక్కుమంది. పెర్లైట్‌కు కార్బన్ పరమాణువులు కదిలి చోటు మారాలి, ఆ వ్యవధి దొరకలేదు. దాదాపు 220 దాకా ఆస్టెనైట్‌గానే దిగి, అక్కడి నుంచి కార్బన్‌ను లోపలే బంధించి మార్టెన్‌సైట్ అనే గట్టి, పెళుసు అమరికగా మారింది.

ఖర్చు: పక్కన పడిన ఎస్‌ఎంపీఎస్ 1,400, పాత డిమ్మర్‌స్టాట్ 1,800, ట్రాన్స్‌ఫార్మరు 2,600, తీగలు 150, కనెక్టర్లు, పలక 300. ఈ దశకు 6,250, ఇప్పటికి 10,000.

దశ 5: కడ్డీలో అంకెలు

అంకెలు కావాలంటే చల్లబడటం నెమ్మదించాలి, దానికి లావు కావాలి. ఈఎన్ 9 రకం ఉక్కు కడ్డీ (0.5 నుంచి 0.6 శాతం కార్బన్), 12 మి.మీ. లావు, 60 మి.మీ. పొడవు, కొన నుంచి 30 మి.మీ. లోతుకు 3.2 మి.మీ. రంధ్రం. అందులో అదే థర్మోకపుల్. ఇన్సులేషన్ ఇటుకల గూడులో ఎల్పీజీ బర్నర్‌తో 820 దాకా. రంధ్రంలో థర్మోకపుల్ వదులుగా ఉంటే రీడింగు వెనకబడుతుంది, అడుగు దాకా తగిలేలా నొక్కి పెట్టాలి.

దిద్దుబాటు 232 దగ్గర చేసిందే కాబట్టి 700 దగ్గర అంకెలను వాటి మధ్య తేడాల కోసమే చదవండి.

1. వేడెక్కేటప్పుడు ఆగిన చోటు: 738.
2. గాలిలో చల్లారినప్పుడు (సెకనుకు మూడున్నర డిగ్రీలు) అడుగు, అంటే ఎగరకముందు దిగిన చివరి చోటు: 652, అక్కడి నుంచి 668కి ఎగిరి అర నిమిషం పైగా నిలబడింది.
3. సిరామిక్ ఊలు చుట్టి చల్లార్చినప్పుడు (సెకనుకు అర డిగ్రీ) అడుగు: 688, ఎగిరింది 694కి.
4. 1000 దాకా కాచి ఇరవై నిమిషాలు ఉంచి, తర్వాత గాలిలో: అడుగు 643.

రెండోదానికీ మూడోదానికీ తేడా వేగానిది. నాలుగోది నాకు అన్నిటికన్నా నచ్చింది. పెర్లైట్ బీజాలు ఎక్కువగా పడేది ఆస్టెనైట్ గ్రెయిన్ల సరిహద్దుల మీద. 1000 దగ్గర ఉంచితే గ్రెయిన్లు పెరుగుతాయి, సరిహద్దులు తగ్గుతాయి, ఆసరా తగ్గుతుంది. తగరాన్ని 350 దాకా కాచినప్పుడు జరిగింది ఇక్కడ ఘనంలో జరిగింది. హీట్ ట్రీట్‌మెంట్ షాపుల్లో ఎక్కువ కాగిన ఉక్కు లోతుగా గట్టిపడుతుందనే అనుభవానికి మూలం ఇదే. పెళుసుదనం కూడా వెంట వస్తుంది కాబట్టి దాన్ని లాభమనుకోకూడదు.

727కి పది డిగ్రీల కింద మారడానికి ప్రేరణ తక్కువ, బీజాలు పడవు. మరీ కింద కార్బన్ కదలిక మందగిస్తుంది. మధ్యలో, సుమారు 550 దగ్గర, మార్పు అత్యంత వేగం: ఒక సెకనులోపే మొదలవుతుంది. ఉష్ణోగ్రతకు ఎదురుగా సమయం గీస్తే ఇంగ్లిష్ సీ అక్షరం ఆకారంలో గీత వస్తుంది. దాన్ని 1930లో అమెరికాలో ఉక్కు పరిశోధకులు డావెన్‌పోర్ట్, బెయిన్ ప్రచురించారు. వాళ్లు ఒక్కో ముక్కను ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర ఆపి చూశారు. మన కడ్డీ ఆగకుండా దిగుతుంది కాబట్టి ఆ గీతను నేరుగా దీని మీద వేయకూడదు, మన అంకెలు దానికి కాస్త కిందికి, కుడికి వస్తాయి.

నెమ్మదిగా చల్లార్చడం అనగానే గుర్తొచ్చేది నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. అక్కడి మూసల్లో తయారైన ఊట్జ్ ఉక్కులో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉండేది. ఆ ఉక్కుతో చేసిన కత్తుల మీది అలల చారలు సిమెంటైట్ రేణువుల వరసలు. ఆ వరసలు కట్టడానికి వెనేడియం లాంటి మూలకాలు అతి కొద్దిగా ఉండటం తోడ్పడుతుందని వెర్హోవెన్, పెండ్రే 1990లలో చూపించారు. ఇక్కడా ఆసరా ఇచ్చింది మురికే, కాకపోతే పనికొచ్చే మురికి.

ఖర్చు: కడ్డీలు, రంధ్రాలు 600, ఇటుకలు, ఊలు 1,100. ఇప్పటికి 11,700.

దశ 6: మెట్టు లేని గ్రాఫు

పోలిక కోసం అదే కొలతలతో ఈఎన్ 24 అనే ఇంకో రకం ఉక్కు కడ్డీ చేయించాను. ఇందులో నికెల్, క్రోమియం, మాలిబ్డినం ఉంటాయి. బాలానగర్‌లో లేత్ మీద ఉన్నాయన ముందే చెప్పాడు: "సార్, ఈఎన్ 24 గాలికే గట్టిపడ్తది. బొక్క ఇప్పుడే కొట్టిచ్చుకోండ్రి, మల్ల డ్రిల్లు దిగదు."

850 నుంచి గాలిలో దింపితే 700 నుంచి 500 దాకా గ్రాఫు నున్నగా జారింది. ఎక్కడా గుంట లేదు, మెట్టు లేదు. 350 దాటాక వాలు కాస్త మెత్తబడింది, అంతే. కార్బన్‌తో పాటు ఈ మూలకాలు కూడా పొరలుగా సర్దుకుంటేనే పెర్లైట్ పెరుగుతుంది. అవి కార్బన్ కన్నా ఎంతో నెమ్మదిగా కదులుతాయి. గాలి ఇచ్చే వ్యవధిలో పెర్లైట్‌కు చోటే దొరకలేదు. చల్లారాక ఈఎన్ 9ని ఆకురాయి సులువుగా అరగదీసింది, ఈఎన్ 24 మీద గట్టిగా నొక్కితే గీత పడింది.

కూలింగ్ కర్వ్‌లో ఏమీ కనబడకపోతే థర్మోకపుల్ ఊడిందేమో అని మొదట అనుమానం వస్తుంది. అదే గూడులో వెంటనే ఈఎన్ 9 కడ్డీ పెట్టి 652 దగ్గర గుంట వస్తోందో లేదో చూసుకోండి. ఈఎన్ 24 కడ్డీకి ఇంకో రంధ్రం కావాలంటే 650 దగ్గర గంటల తరబడి పట్టి ఉంచి మెత్తబరచాకే డ్రిల్లు పెట్టాలి.